నేను నడిస్తే సెవులోడు పోతాడు

మా కింది వాటాలో ఉండేవాళ్ల కూతురు పురిటికి వచ్చి, కాన్పయింది. పది రోజులుగా తెల్లవారగానే వాళ్ల పెరట్లో కట్టెల పొయ్యి మీద వావిలాకు వేసిన నీళ్లు మరుగుతున్నాయి. బాలింత ఒళ్లు గట్టిపడాలని పోసే నీళ్లవి. ఆ పసరు ఘాటు మెట్లెక్కి, వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చేసరికి నా మోకాళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. నలభై రెండేళ్లదాన్ని, జనగామలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, స్టవ్వు ముందు నిలబడి ఎవరైనా వచ్చి నన్ను ఎత్తి ఆ నీళ్లలో కూర్చోబెడతారేమోనని వెనక్కి తిరిగి చూస్తాను.

మా ఊరు తరిగొప్పుల దిక్కు. నా ఏడో ఏట, బతుకమ్మ పండుగ రోజుల్లో మొదలైంది ఆ నొప్పి. మా నాన్న, బాపు, మెట్ట చెలకల వెంట తిరిగి మోపెడు తంగేడు, గునుగు తెచ్చి గచ్చు మీద పోశాడు. నువ్వులు వేయించిన కమ్మని వాసన, మలీద ముద్దలకు దంచుతున్న బెల్లం వాసన, పచ్చి పూల వాసన కలిసి ఇల్లంతా నిండి ఉంది. మా బాపమ్మ, అంటే బాపును కన్న తల్లి, గునుగు పూలను రంగునీళ్లలో ముంచి నా ముందు పెట్టి కట్టలు కట్టమంది. దారం ముడి వేయబోతే నా వేళ్లు వంగలేదు. ఉబ్బి, ఎర్రబడి, ఎవరివో వేళ్లు తెచ్చి నా చేతికి అతికించినట్టున్నాయి. మర్నాడు పొద్దున మంచం దిగబోతే మోకాళ్లు నన్ను నిలబెట్టలేదు. ఆ సాయంత్రం ఊరి ఆడపిల్లలంతా పాడుకుంటూ తిరుగుతుంటే నేను బాపు భుజం మీద నుంచి చూశాను.

ఆ తరువాత చాలా కాలం నా లోకం ఒక నులక మంచం. వాకిట్లో నా ఈడు పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లు, చింతగింజలు ఊదేవాళ్లు, అష్టాచెమ్మా వేసేవాళ్లు. వానాకాలం మక్క కంకులు కాల్చుకుని తినేవాళ్లు, సీతాఫలాల కాలం రాగానే గుట్టకు పోయి గంపలతో తిరిగొచ్చేవాళ్లు. వాళ్లు వచ్చి పలకరిస్తే నాకు సంతోషం కలగాలి కదా, భయమే కలిగేది. ఎవరు నవ్వుతూ మంచం మీద దబ్బున కూర్చుంటారో, ఎవరు ప్రేమగా చెయ్యి పట్టి లాగుతారో అని, అడుగుల చప్పుడు వినగానే కాళ్లు దగ్గరికి తీసుకునేదాన్ని. ప్రేమ ఉన్నవాళ్లంతా ముట్టుకునేవాళ్లే. ముట్టుకుంటే నొప్పి.

జనగామ దవాఖానలో డాక్టరు కీళ్లవాతం అన్నాడు, పెద్దయ్యాక తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు అన్నాడు. ఆ 'తగ్గకపోవచ్చు'ను మా బాపమ్మ ఒప్పుకోలేదు. పొద్దున వావిలాకు నీళ్లు, సాయంత్రం ఇసుక మూటతో కాపడం. అవీ పని చేయకపోతే, పక్క ఊళ్లో సురకలు పెట్టే మనిషి దగ్గరికి బండిలో తీసుకుపోయింది. ఆయన ఇనుప చువ్వను నిప్పుల్లో పెట్టి, అది ఎర్రబడేదాకా బాపమ్మతో వానల గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. నాకు గుర్తున్నది ఆ మాటలే. బాపమ్మ నా తలను తన కడుపులో దాచుకుని, "ఓర్సుకో బిడ్డా, గిదొక్కటే, ఇగ అయిపాయె" అంది. రెండు మోకాళ్లకు రెండు మచ్చలు మిగిలాయి. ఆ రోజు నుంచి బాపమ్మ చెయ్యి దగ్గరికొస్తే కూడా నేను వణికేదాన్ని. ఆమెకది తెలుసు. నీళ్ల చెంబు నా చేతికివ్వకుండా మంచం కోడు దగ్గర పెట్టి పోయేది.

ఆ చలికాలమే మా మేక ఈనింది. రెండు పిల్లల్లో ఒకటి నిలవలేదు. బతికిన పోతుపిల్ల చెవులు నేలకు తగిలేంత పొడుగు. నేను వాడికి సెవులోడు అని పేరు పెట్టాను. చలికి వణుకుతున్నాడని అమ్మ వాణ్ణి నా మంచం మీద గొంగట్లో వదిలింది. నేను భయంతో బిగుసుకుపోయాను. వాడు ముందుకాళ్లు మడిచాడు, వెనకకాళ్లు మడిచాడు, వెన్నును నా మోకాళ్లకు ఆనించి పడుకున్నాడు. వాడి ఒళ్లు మన ఒంటికన్నా వేడి. ఆ వేడి నెమ్మదిగా, ఎవరూ నన్ను పట్టుకోకుండానే, ఎవరూ నన్ను ఓర్చుకొమ్మనకుండానే నా కీళ్లలోకి దిగింది. కొంచెం పెద్దయి నెమరు వేయడం మొదలుపెట్టాక వాడి గొంతు చూడటం నా పని. మింగిన ముద్ద కిందికి పోతుంది, కాసేపు ఏమీ ఉండదు, మళ్లీ ఇంకో ముద్ద చర్మం కింద నుంచి జారుతూ పైకి వస్తుంది. ఆ ముద్ద కోసం ఎదురుచూసే కాసేపు నేను నొప్పిని మరిచిపోయేదాన్ని. ఊళ్లో అందరినీ కుమ్మేవాడు కానీ నా మంచం దగ్గరికి వస్తే మాత్రం తల దించుకుని వచ్చేవాడు.

ఒక పొద్దున బాపమ్మ వాడి నొసటికి పసుపు రాసి, ఊరి చివర పోచమ్మ గుడి దిక్కు తిరిగి దండం పెట్టింది. "తల్లీ పోశమ్మా, నా మనుమరాలు తన కాళ్లతోని నీ గుడి కాడికి నడిసొచ్చిన నాడు గీ యాటను నీకిస్త" అంది. అది విని అమ్మ కళ్లు తుడుచుకుంది, బాపు తల ఊపాడు. నా చేతిలో సెవులోడి చెవి ఉంది. నేను నడిస్తే వాడు పోతాడు. ఇంట్లో అందరూ నా మంచి కోరి చేసిన పని అది.

ఎండాకాలం వచ్చాక నా నొప్పి కొంచెం వెనక్కి తగ్గింది. పొద్దున కట్టెలా ఉన్న కాళ్లు మధ్యాహ్నానికి సడలేవి. అందరూ చెలకకు పోయాక, వాడి వీపు మీద చెయ్యి వేసి మొదట మంచం చుట్టూ, తరువాత వాకిట్లోకి, తరువాత గడ్డివాము దాకా నడిచాను. వాడు నా అడుగుకు సరిపడా అడుగు వేసేవాడు. నేను ఆగితే ఆగేవాడు. పొద్దు వాలి అందరూ ఇల్లు చేరే వేళకు మంచమెక్కి, అమ్మ "ఎట్లుంది బిడ్డా?" అని అడిగితే "నొస్తుంది" అనేదాన్ని. ఆమె ముఖం వాడిపోయేది. తెల్లారి నిజంగానే నొప్పి లేచేది. అబద్ధం ఆడి నేనే దాన్ని పిలిచాననుకునేదాన్ని. ఇటు సెవులోడు రోజురోజుకూ ఎదుగుతున్నాడు, కొమ్ములు పొడుచుకొచ్చాయి. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ వాడి నడుం పట్టి చూసి, "మంచి కండపట్టిండు" అనేవాళ్లు.

ఒక మధ్యాహ్నం గడ్డివాము దగ్గర తల ఎత్తేసరికి దర్వాజలో బాపమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. నేను నేల మీద కూలబడ్డాను.

"ఎన్నొద్దులసంది నడుస్తున్నవే?" అంది.

"శాన దినాలసంది."

"మాకెందుకు జెప్పలే?"

"జెప్తె వీణ్ణి కోస్తరు గద, బాపమ్మా."

ఆమె దగ్గరికి వచ్చి, నన్ను ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, సెవులోడి మెడ పట్టి వాణ్ణి నా పక్కకు తోసింది. వాడి మీద చెయ్యి ఆనించి నేనే లేచాను. ఆ సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

శ్రావణంలో బోనాలు వచ్చాయి. ఇంటింటా కొత్త కుండకు సున్నం, పసుపు, వేపాకు, లోపల బెల్లమన్నం. ఆ యేడు మా ఇంటి బోనం అమ్మ ఎత్తుకుంది. డప్పుల మోత వీధి మొదట్లో వినపడగానే సెవులోడు బెదిరి నా మంచం కిందికి దూరాడు. ఊరేగింపు ముందర అమ్మవారు పూనే శివసత్తి. మామూలు రోజుల్లో ఆమె మా వాడకట్టు మనిషే, నాకు జామకాయలు తెచ్చి ఇచ్చే మనిషే. ఆ రోజు జుట్టు విరబోసుకుని, ముఖమంతా పసుపుతో, వేపకొమ్మలతో ఊగుతూ వచ్చి సరిగ్గా మా వాకిట్లో ఆగింది. ఆ కళ్లు నన్ను చూశాయి, గుర్తుపట్టలేదు.

"నాది నాకియ్యక దాసుకున్నరు! నా సొమ్మేది?" అని అరిచింది.

డప్పులు ఆగాయి. మంచం మీద నుంచి చెయ్యి కిందికి వేలాడదీసి సెవులోడి కొమ్ము పట్టుకున్నాను. బాపు వాడి కోసం వంగబోతుంటే బాపమ్మ అడ్డం వచ్చి శివసత్తికి ఎదురుగా నిలబడింది.

"తల్లీ, నీతోని అబద్ధమాడ. పిల్ల నడుస్తున్నది. కని యాటనియ్య. వాడుంటెనే అది లేస్తున్నది. నీకు కోపమైతె పిల్లను ముట్టకు. నా కాళ్లున్నయి, నావి తీస్కో."

అమ్మ నెత్తి మీద బోనం దీపం ఊగింది. శివసత్తి చాలాసేపు ఊగి, ఒక వేపకొమ్మ విరిచి బాపమ్మ పాదాల మీద వేసి కదిలిపోయింది. అది సరేననడమో, తీసుకుంటాననడమో ఎవరికీ తెలియలేదు.

ఆ నెల గడవకముందే, మేకలకు గడ్డి మోపు తెస్తూ తడిసిన ఒడ్డు మీద బాపమ్మ జారి పడింది. మోకాలి చిప్ప పగిలింది. జనగామ దవాఖానలో సిమెంటు పట్టీ వేసి పంపారు. నా మంచం పక్కనే ఆమె మంచం వేశారు. నడుమ సెవులోడు. రెండో రోజో మూడో రోజో, పొద్దున్నే ఆమె కప్పు వైపు చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"గింత నొస్తదా బిడ్డా?"

"ఆఁ."

"రోజూ గిట్లనే పండుకున్నవా?"

ఆమె నా మోకాళ్ల మీది మచ్చలను చూసి ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఆ మధ్యాహ్నం అమ్మ పక్కింటామెతో అంటున్న మాట నా చెవిన పడింది. "అత్త నోటితోని అట్ల అనకపోవాల్సింది. అమ్మోరు ఇన్నది."

అమ్మోరు రెండో కాలూ తీసుకుంటుందా? తరువాత అమ్మవా, బాపువా? రెండు రోజులు అన్నం తినలేదు. మూడోనాడు అమ్మ, బాపు పత్తి చేనుకు పోయాక, బాపమ్మ నొప్పి గోలీ వేసుకుని నిద్రపోతుండగా, సెవులోడి మెడకు తాడు వేశాను. వాడు బయటికి అనగానే సంబరంగా దూకాడు. గడ్డివాము దాటి నేను నడిచింది ఏడాదిలో అదే మొదటిసారి. పోచమ్మ గుడికి రెండు వాడలు దాటాలి. పది అడుగులకోసారి గోడ పట్టుకుని ఆగాను. తుంటిలో సూదులు, మోకాళ్లలో మంట. వాడు ఆగి, తిరిగి చూసి, నా చెయ్యి నాకేవాడు. ఎక్కడికి తీసుకుపోతున్నానో వాడికి తెలియదు. ఆ దారిలో నాకు నొప్పికన్నా అదే ఎక్కువ భయంగా ఉంది.

వేపచెట్టు కింద నడుం ఎత్తు గుడి అది. పొద్దున ఎవరో పూజ చేసి, బంతిపూల దండ వేసి, విస్తరాకులో బెల్లమన్నం పెట్టి పోయారు. తాడు వదిలి, దండం పెట్టి, "తీస్కో, బాపమ్మ కాలు ఇచ్చెయ్" అన్నాను. కళ్లు మూసుకున్నాను. పిడుగు పడుతుందో, వాడు అరుస్తాడో అని చెవులు రిక్కించాను. కరకరమని చప్పుడు వినిపించింది. కళ్లు తెరిస్తే సెవులోడు గుడిలోకి తల దూర్చి అమ్మవారి మెడలోని దండ నములుతున్నాడు. వాణ్ణి లాగుదామంటే లేవడానికి కాళ్లు రాలేదు. వాడు దండ అంతా తిని, బెల్లమన్నం తిని, విస్తరాకు కూడా తిని, వచ్చి నా మోకాళ్లకు ఆనుకుని నెమరు వేస్తూ కూర్చున్నాడు.

బాపు వెతుక్కుంటూ వచ్చి ఎత్తుకునేదాకా మేమిద్దరం అక్కడే ఉన్నాం. జరిగింది విని అమ్మ చెంపలేసుకుంది. బాపమ్మ మాత్రం మంచం మీద లేచి కూర్చుని ఒక్కొక్కటే అడిగింది.

"దండ మొత్తం తిన్నడా?"

"దారం గూడ."

"నైవేద్యం?"

"అది గూడ."

"నువ్వు నడిసే పోయినవా?"

"నడిసే పోయిన."

ఆమె బాపు వైపు తిరిగి, "కోపమున్న తల్లి తన ముంగట పెట్టింది తిననిస్తదారా? వాడు ఆమె ఇంట్ల అన్నం తిన్నడు. ఇంట్ల తిన్నోన్ని ఎవలన్న కోస్తరా? ఇగ గా ముచ్చట ఇడిసిపెట్టుర్రి" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతులు వణకడం నేను చూశాను. తనూ భయపడుతూనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

సెవులోడు ముసలివాడై, పళ్లు ఊడి, నేను జనగామలో ఇంటర్ చదువుతున్నప్పుడు ఒక ఎండాకాలం మా కొట్టంలోనే పోయాడు. బాపమ్మ కర్ర పట్టుకుని కుంటుతూ ఇంకా కొన్నేళ్లు బతికింది. నా నొప్పి పోలేదు. ఏళ్ల తరబడి తగ్గుతుంది, ఏళ్ల తరబడి పెరుగుతుంది. ఇప్పటికీ మంచిగా ఉన్న రోజు ఎవరైనా ఎలా ఉందని అడిగితే, బాగుందని పైకి అనను. అంటే ఎవరో వచ్చి బదులు ఏదో పట్టుకుపోతారని లోపల ఏడేళ్ల పిల్ల భయపడుతుంది.

మొన్న ఊరికి పోతే మా వాకిలి సిమెంటు చేశారు, గడ్డివాము లేదు, వాడకట్టు మొత్తంలో ఒక్క మేకా కనపడలేదు. సురకలు పెట్టే మనిషి లేడు, ఆయన లేనందుకు నాకు బెంగ లేదు. నా ముందు అడ్డంగా నిలబడి, నావి తీసుకోమనే మనిషి కూడా లేదు.

పోయిన వారం డాక్టరు ఎక్స్‌రే లైటుకు పట్టి చూపించి, కుడి తుంటి అరిగిపోయింది, ఆపరేషన్ చేయాల్సి రావచ్చు అన్నాడు. కాగితాలు తెచ్చుకుని సోఫాలో కూర్చున్నాను. చదవబోతే అక్షరాలు కదులుతున్నాయి. రెండేళ్లుగా మా ఇంట్లో ఉంటున్న వీధి పిల్లి ఎక్కడి నుంచో వచ్చింది, అటూ ఇటూ వాసన చూసింది, సరిగ్గా కుడివైపునే తుంటికి ఆనుకుని ముడుచుకుంది. దాని వేడి చీరలోంచి లోపలికి దిగడం మొదలైంది. కదిలితే లేచిపోతుందని కదలకుండా కూర్చున్నాను.