జాడీలో పసిబిడ్డ

ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. అది చాలా చిన్నది. అరచేతిలో పట్టేంత పుర్రె. మా ఇంట్లోవాళ్లకు దాని సంగతి తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది అమీర్‌పేట. యూసుఫ్‌ది పంజగుట్ట. డిగ్రీలో స్నేహితులమయ్యాం. ఇద్దరికీ పాత మట్టి అంటే పిచ్చి. పురావస్తుశాస్త్రం చదవడానికి కలిసే ఇంగ్లండ్ వెళ్లాం. వేసవిలో మా ప్రొఫెసర్ జోర్డాన్‌లో ఒక దిబ్బ తవ్వడానికి మమ్మల్ని తీసుకెళ్లింది.

అక్కడ ఒక పాత ఇంటి నేల కింద యూసుఫ్‌కు జాడీ దొరికింది. లోపల పసిబిడ్డ ఎముకలు. వేల ఏళ్ల కిందట ఏ తల్లో బిడ్డను తాను తిరిగే నేల కిందే దాచుకుంది. యూసుఫ్ రోజుల తరబడి వెదురు పుల్లతో, మెత్తటి కుంచెతో ఆ మట్టి తీశాడు. ఊపిరి కూడా పక్కకు తిరిగి వదిలేవాడు. నాకు దొరికినవన్నీ కుండ పెంకులే. అసూయపడ్డానా? పడ్డాను.

ఒక ఉదయం, పై పెంకు తీసిన జాడీలో పుర్రె మొత్తం బయటపడింది, వాడు దాని మీద గుడ్డ కప్పాడు. అందరం టిఫిన్‌కు బయల్దేరాం. నేను దారిలోంచి వెనక్కి వచ్చాను. దగ్గరగా చూడాలనే వచ్చానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను గానీ, ఫోటోలు తీయకముందే, ప్రొఫెసర్ చూడకముందే దాన్ని ముట్టుకున్నవాణ్ణి నేనే కావాలని ఎక్కడో లోపల లేకపోతే గుడ్డ ఎందుకు తీస్తాను? గుంటలోకి దిగాను. అంచు మట్టి జారింది. నా మోకాలు పుర్రె మీద పడింది. గుడ్డు చిట్లినంత చప్పుడు. మళ్లీ గుడ్డ కప్పేశాను. వెళ్లి అందరితో కూర్చుని రొట్టె తిన్నాను. తినగలిగాను.

టిఫిన్ తర్వాత గుడ్డ తీస్తే పుర్రె చిట్లి ఉంది. గుంటలోంచి చివరగా వచ్చింది యూసుఫే. వాడే పగలగొట్టి దాచాడనుకున్నారు. వాడు నన్ను పక్కకు లాగాడు.

“మనం పోయేటప్పుడు మంచిగనే ఉండె కదరా. నేను గుడ్డ కప్పంగ చూసినవ్ కదా. జర మేడమ్‌కు చెప్పు.”

“నేను సరిగ్గా చూడలేదురా,” అన్నాను.

వాణ్ణి తవ్వకం నుంచి పంపేశారు. పగిలినందుకు కాదు, అబద్ధమాడాడని. ఆ తర్వాత వాణ్ణి ఎవరూ ఏ తవ్వకానికీ రానివ్వలేదు. చదువు మధ్యలో వదిలి వచ్చేశాడు. నేను పట్టా తెచ్చుకున్నాను. ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఇంట్లో ఉత్తకాళ్లతో నడుస్తుంటే కింద ఎవరో పడుకున్నట్టుంటుంది. నా భార్య గుడ్లు పగలగొడుతుంటే వంటింట్లోంచి వచ్చేస్తాను.

పంజగుట్ట వైపు నడవడం ఎప్పుడో మానేశాను. మొన్న నా భార్య కళ్లద్దాలు విరిగితే నన్ను అక్కడి దుకాణానికి తీసుకెళ్లింది. కౌంటర్ వెనక యూసుఫ్. గడ్డం సగం నెరిసింది.

“అరే భాయ్! ఎన్నేండ్లాయెరా!” అంటూ వచ్చి కౌగిలించుకున్నాడు. చాయ్ తెప్పించాడు. నా భార్యతో అన్నాడు: “వదినా, గాడ అందరు నన్ను దొంగ లెక్క చూసిన్రు. వీడొక్కడే నాతోని మాట్లాడిండు.”

మాట్లాడాను. భయంతో. వాడికి ఎంత తెలుసో కనిపెట్టడానికి.

ఆమె ఫ్రేములు చూస్తుంటే నా వైపు వంగాడు.

“మస్తు సార్లు ఆలోచించిన్రా. గుడ్డ కప్పేటప్పుడు నా చెయ్యే తగిలిందేమో. నాకే ఎరుక లేకుండ. గా పసిగుడ్డు సుత కలలకొస్తది.”

“అలాంటిదేం లేదురా,” అన్నాను. అంతే అన్నాను. నోటిదాకా వచ్చిన మిగతా మాట చాయ్‌తో మింగేశాను.

వాడి చదువు ఒక్కటే పోగొట్టాననుకున్నాను ఇన్నాళ్లూ. చేయని తప్పును వాడు చేశానని నమ్మే దాకా తీసుకొచ్చానని తెలియదు. నా పీడకల కూడా వాడే కంటున్నాడు. వాడికి చెప్పాలి. చెబుతానా? మీకు మాటివ్వలేను. నిన్న పంజగుట్ట ఫ్లైఓవర్ కింద దాకా వెళ్లి తిరిగొచ్చాను.

యూసుఫ్ చేతులు ఏ తప్పూ చేయలేదు. ఆ బిడ్డ పుర్రెను చిదిమింది నేను. దాచింది నేను. ఈ మాటలు ఇంతకుముందు ఎక్కడా రాయలేదు. రాశాక క్షమించమని అడగబుద్ధి కావడం లేదు. కాస్త తేలికగా ఉంది, ఆ తేలికకే సిగ్గుగా ఉంది. అయినా రాసింది కొట్టేయడం లేదు.