పిన్ని పోల్చిన చేప

పిన్ని పోయిందని మొన్న మంగళవారం పొద్దున డ్యూటీలో ఉండగా తెలిసింది. కొల్లేరు పక్కన వాళ్ల ఊళ్లో, కూతురింట్లో, కాఫీ తాగి కాసేపు నడుం వాల్చి మళ్లీ లేవలేదట. ఫోన్ చేసినవాడు కడప జిల్లా మనిషి. ఇక్కడ ఈ అరబ్బు దేశంలో, నేను నర్సుగా ఉన్న సమాయిల్‌లో ఒక ఖర్జూరం తోట చూసుకుంటాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. నా చేతిలో సూది, ఎదురుగా పేషెంట్. అందుకని అప్పుడు ఏడవలేదు. రూమ్‌కి వచ్చి తలుపు వేసుకున్నాక తనివితీరా ఏడ్చాను. ఆ తర్వాత, నిజం చెప్పొద్దూ, నవ్వొచ్చింది. ఆవిడను తలుచుకుని ఎక్కువసేపు ఏడుపుమొహం పెట్టుకోవడం నాకు చేతకాలేదు.

ఆవిడ నాకు వరసకు పిన్ని కాదు. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లందరికీ పిన్నే. ఆ తోట యజమాని ఇంట్లో పధ్నాలుగేళ్లు వంట చేసింది. నాకు మొదటిసారి కనబడింది మా ఆసుపత్రిలోనే. బొటనవేలు వాచి, గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఏం గుచ్చుకుందని హిందీలో అడిగితే నా మొహంలోకి చూసి తెలుగులో మొదలుపెట్టింది.

"జెల్ల చేప ముల్లమ్మా. నన్నే గుచ్చింది చూడు, ఎంత పొగరో దానికి! నీదే ఊరు? భీమవరం అవతలా? అయితే నువ్వు మా పిల్లవే. ఆ ఇంజక్షనేదో నెమ్మదిగా పొడువు."

అలా పిన్నయిపోయింది. శుక్రవారం మా ఫ్లాట్‌లో నర్సులం నలుగురైదుగురం ప్రార్థన పెట్టుకుంటాం. ఆవిడకు సెలవిచ్చిన శుక్రవారమల్లా వచ్చేది. ప్రార్థన మాత్రం తొందరగా ముగించేది కాదు. ఎవరి బతాకా, అదే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఎప్పుడు రెన్యూవల్‌కి వస్తుందో ఒక్కొక్కరి పేరూ చెప్పి మరీ ప్రభువుకు గుర్తుచేసేది. కాళ్లు తిమ్మిరెక్కి మేం ఆమెన్ అనబోతే, "ఉండండే, ఇంకా ఇద్దరున్నారు" అనేది. తర్వాత చేపల పులుసు. చింతపండు అయిపోతే ఇక్కడి ఎండు నిమ్మకాయలు వేసి పెట్టేది. అలా పెట్టిన పులుసు బాగోలేదని అనే ధైర్యం మాలో ఎవరికీ ఉండేది కాదు. నిజానికి బాగుండేది కూడా.

ఇక్కడికి రాకముందు ఆవిడ చేపల చెరువుల మీద కూలికి వెళ్లేది. చెరువు పట్టుబడి రోజున వలలో వచ్చిన చేపలన్నీ గట్టు మీద గుట్టగా పోస్తారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని కట్ల ఒక ట్రేలోకి, శీలావతి ఒక ట్రేలోకి, రూప్‌చంద్ ఒక ట్రేలోకి ఏరాలి. లారీ కదిలేలోపు అయిపోవాలి కాబట్టి ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసే తీరిక ఉండదు. బొటనవేలు చేప నోట్లో పెట్టి అదేమిటో చెప్పేయడం ఆవిడకు అక్కడే అలవాటైంది. మార్కెట్లో మేం చేప ఎర్రగా ఉంది, మెరుస్తోంది అని మురిసిపోతుంటే విసుక్కునేది.

"రంగు చూసి మోసపోకండే. ఈ నీళ్లలో ఒక రంగు, ఆ నీళ్లలో ఇంకో రంగు. నోరు చూడండి ముందు. ఏం తిని బతుకుతుందో నోరు చెబుతుంది."

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది నాలుగు వేసవుల కిందటి శుక్రవారం సంగతి. ఆ తోటలో పెద్ద సిమెంటు చెరువు ఉంది. ఫలజ్ కాలువ నీళ్లు ఆ తోటకు వంతు ప్రకారం వస్తాయి. వంతు వచ్చినప్పుడు చెరువు నింపుకుని, మళ్లీ వంతు వచ్చేదాకా ఖర్జూరం చెట్లకు అందులోంచే వదులుకుంటారు. ఆ ఏడాది యజమాని ముచ్చటపడి అందులో తిలాపియా పిల్లల్ని వేయించాడు. తెచ్చి వదిలింది మన కడప అన్న. ఆరు నెలలకు చేపలు బాగానే ఎదిగాయి. ఆ శుక్రవారం యజమాని ఇంటికి చుట్టాలొస్తున్నారని అన్న వల వేశాడు. తిలాపియాలతో పాటు ఒకటి విడ్డూరమైనది పడింది. పళ్లెమంత వెడల్పు, బూడిదరంగు వీపు, కుంకుమ పూసినట్టు ఎర్రటి పొట్ట. వల తాళ్లు రెండు కొరికేసింది. నోరు తెరిస్తే లోపల పళ్లు.

చుట్టాల్లో అల్ హైల్ నుంచి వచ్చిన యజమాని మేనల్లుడు ఉన్నాడు. చదువుకున్నవాడు. చేపను ఫొటో తీసి ఫోన్‌ని అడిగాడు. ఫోన్ పిరానా అంది. అంతే, వీడియో తీసి పంపాడు. మధ్యాహ్నానికల్లా సమాయిల్ అంతా తిరిగి ఆ వీడియో నా ఫోన్‌కీ వచ్చింది. నేనేం చేశాను? "పిల్లలు జాగ్రత్త" అని రాసి మా నర్సుల గ్రూపులో పెట్టాను. ఆ తెలివితక్కువ పనికి ఇప్పటికీ సిగ్గుపడతాను. పదినిమిషాలకు పిన్ని ఫోన్ చేసింది.

"ఆ బొమ్మ చూశావా? ఇక్కడ గోలగోలగా ఉంది. నీకు అరబ్బీ వచ్చుగా, వెంటనే రా."

నాకు వచ్చింది ఆసుపత్రి అరబ్బీ. ఎక్కడ నొప్పి, ఎన్ని రోజులనుంచి, మోషన్ అయిందా. అయినా టాక్సీ పట్టుకుని వెళ్లాను.

వెళ్లేసరికి చెరువు గట్టు మీద యజమాని మొహం గంటు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన బాధలోనూ అన్యాయం లేదు. సెలవులకు మనవలు వారంలో వస్తున్నారు. రోజంతా ఆ చెరువులోనే ఈదుతారు. చేప పిల్లల్ని ఎక్కడ తెచ్చావో ఏమో, నా మనవల నీళ్లలో రాక్షసిని వదిలావని అన్న మీద మండిపడుతున్నాడు. సాయంత్రంలోగా చెరువు మొత్తం ఖాళీ చేసి సున్నం కొట్టాలట. తర్వాత అన్నకు ఖల్లాస్, వీసా క్యాన్సిల్. అన్న అప్పటికే నీళ్లు వదిలే గేటు వాల్వ్ దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"నేనేం జేసినానక్కా? తిలాపియా పిల్లలే తెచ్చినా. దేవుని మీద ఒట్టు. ఈ నీళ్లు వదిల్తే మళ్లా వంతు వచ్చేతాలికి కాయంతా ఎండి రాలిపోతాదక్కా. నేను బోతే పాయ, ఈ చెట్లనెవరు జూస్తారు?"

తన ఉద్యోగం పోతుంటే ఆ మనిషి చెట్ల సంగతి మాట్లాడుతున్నాడు.

అప్పుడు వంటింట్లోంచి పిన్ని వచ్చింది. చేతిలో కత్తి, పళ్లెం. అందరినీ తప్పించుకుని గట్టు మీద పడున్న ఆ చేప దగ్గర గొంతుక్కూర్చుంది. రంగు చూడలేదు. బొటనవేలు తిన్నగా దాని నోట్లో పెట్టింది. మేనల్లుడు కెవ్వుమన్నాడు. పిన్ని పళ్ల మీద వేలు అటూ ఇటూ రాసి, మొహం ఇంత చేసుకుని నావైపు తిరిగింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇది రూప్‌చందే! మా చెరువుల్లో తవుడు తినే రూప్‌చందు. ఇదిగో, నువ్వూ పెట్టు వేలు."

పెట్టాను. భయపడుతూనే. కోసుకుపోయే పళ్లు కావు. మన దవడ పళ్లలా బల్లపరుపుగా, నూరుకోవడానికి పనికొచ్చేవి.

"చెప్పవే ఆయనకి. మాంసం పీక్కుతినేదానికి పళ్లు రంపంలా ఉంటాయి. ఇది మేసే చేప. కొరికితే కాయ కొరుకుతుంది, గింజ కొరుకుతుంది. మనుషుల జోలికి రాదు."

చెప్పాను. పళ్లకీ నూరడానికీ నాకు అరబ్బీ మాటలు తెలియక నా దవడే చూపించి తంటాలు పడ్డాను. మేనల్లుడు ఫోన్ ఎత్తి చూపించాడు. వంటమనిషి మాటా, ఫోన్ మాటా అన్నట్టు. పిన్ని చేప పొట్ట కోసి, లోపలిదంతా పళ్లెంలోకి దులిపింది. వేలితో విడదీసి ఒక్కొక్కటే పక్కకు పెట్టింది. పాచి. ఆకు ముక్కలు. నలిగిన ఖర్జూరం తొక్కలు, రెండు గింజలు. ఒక్క పొలుసు లేదు, ఒక్క చేపముల్లు లేదు.

"నీ చెరువు నిండా తిలాపియా ఉంది కదా అర్బాబ్. మాంసం తినేదైతే వాటిని వదిలేసి ఖర్జూరం తింటుందా?"

ఈ మాట తన వంటింటి హిందీలో ఆవిడే చెప్పింది. యజమాని పళ్లెంలోకి వంగి చాలాసేపు చూశాడు. చెరువు మీదికి వంగిన చెట్టునీ, దాని కింద నీళ్లలో తేలుతున్న ఖర్జూరం పళ్లనీ చూశాడు. కానీ తల అడ్డంగా ఊపాడు. నీ మాట నిజమే కావచ్చు, కానీ నా మనవల విషయంలో 'కావచ్చు' అంటే చాలదు అన్నాడు. వాల్వ్ తిప్పమని అన్నకు సైగ చేశాడు.

"ఆగు" అంది పిన్ని.

నేలమీద రాలిన పళ్లు నాలుగు ఏరుకుంది. చున్నీ నడుముకు బిగించి, నైటీతోనే చెరువు మెట్లు దిగడం మొదలుపెట్టింది. "పిన్నీ, వద్దు" అని అరిచాను. వేలు పెట్టి చూసినదాన్నే, అయినా నా నమ్మకం ఆ క్షణంలో నీరుగారిపోయింది. పొట్ట ఎరుపు చూసి ఊరంతా భయపడినట్టే నేనూ భయపడ్డాను. ఆవిడ వెనక్కి చూడలేదు. నడుముల్లోతు నీళ్లలో నిలబడి, పండు ఒకటి ఎదురుగా విసిరి, రెండోది అరచేతిలో పెట్టుకుని నీళ్లలో ముంచి ఉంచింది.

ఏమీ జరగలేదు. తిలాపియాలు వచ్చి చుట్టూ తిరిగాయి. ఎండ మాడ్చేస్తోంది. అన్న చెయ్యి వాల్వ్ మీద అలాగే ఉంది. ఎంతసేపో తెలియదు, విసిరిన పండు గుబుక్కున మాయమైంది. తర్వాత ఆవిడ మోచేతి పక్కన నీళ్లలో ఎర్రగా ఒకటి తిరిగింది. దాని వెనక ఇంకొకటి. పిన్ని కదల్లేదు. మొదటిది మెల్లగా వచ్చి అరచేతిలో పండు అందుకుని పోయింది. రెండోదాని కోసం ఇంకో పండు పట్టుకుంది. అదీ తినిపోయింది. అప్పుడు పిన్ని రెండు చేతులూ పైకెత్తి, పది వేళ్లూ విడదీసి అందరికీ చూపించింది.

"లెక్కపెట్టుకోండి! పదీ ఉన్నాయా, లేదా?"

గట్టు మీద కేకలు, చప్పట్లు. యజమాని గడ్డం ఊగేలా నవ్వాడు. ఆ ఊపులో మేనల్లుడు నోరు జారాడు.

"అయితే మూడూ ఇన్నాళ్లూ బతికాయన్నమాట!"

అందరం అతనివైపు తిరిగాం. అతని చెవులు ఎర్రబడ్డాయి. నీళ్లు నమిలి నమిలి చివరికి చెప్పాడు. ఇల్లు మారినప్పుడు అద్దాల తొట్టెలో పెంచుకున్న బుల్లి చేపలు మూడింటిని ఇక్కడ వదిలి వెళ్లాడట. ఇంత అవుతాయని, ఇవి అవేనని అతనికి అప్పటిదాకా తోచనే లేదట. పాపం, అబద్ధం అనిపించలేదు. నేను మాత్రం ఆ ఒక్కసారికి పళ్లు బయటపెట్టి నవ్వాను. కడప అన్న వాల్వ్ మీంచి చెయ్యి తీసి, కూర్చున్నచోటే మొహం చేతుల్లో దాచుకున్నాడు. చేపల ఆఫీసు నుంచి ఒకమ్మాయి తర్వాత వచ్చి చూసి వెళ్లింది. ఆ అమ్మాయి కాగితం మీద ఏదో పొడుగాటి పేరు రాసింది, పళ్లు తినే జాతి అని కూడా రాసింది.

ఆ తర్వాత సమాయిల్‌లో ఎవరికి తెలియని చేప దొరికినా పిన్నికే ఫొటో పెట్టేవాళ్లు. ఆవిడ తిరిగి ఒకటే జవాబిచ్చేది: నోరు తెరిచి తీసి పంపండి. రెండేళ్ల కింద ఊరెళ్లిపోయాక కూడా ఆ జవాబు మారలేదు. ఆవిడ నాకు ఏ పాఠమూ చెప్పలేదు. కానీ కొత్త పేషెంట్ గురించి ఎవరేం చెప్పినా, ముందు నేనే వెళ్లి చేత్తో తాకి చూస్తున్నాను. అందుకు ఆవిడకు రుణపడి ఉంటాను.

ఆ రోజు గట్టు మీద సందడి ఇంకా తగ్గలేదు, పిన్ని ఒంటరిగా మెట్ల దగ్గరికి వచ్చింది. పాచి పట్టిన మెట్టు, తడిసి బరువెక్కిన బట్టలు, కాలు నిలవడం లేదు. నేను కదిలేలోపే యజమాని ముందుకెళ్లాడు. అప్పటిదాకా నేనున్నప్పుడల్లా ఆయన ఆవిడను 'కుక్' అని పిలవడమే విన్నాను. ఆయన గట్టు చివర వంగి, తన చేతికర్ర రెండో కొస ఆవిడకు అందించాడు.

"తఆలీ, యా ఉఖ్తీ" అన్నాడు. రామ్మా, నా తోబుట్టువా అని.

పిన్ని ఆ కొస గట్టిగా పట్టుకుని, నీళ్లు ఓడుతూ, ఒక్కో మెట్టే పైకి వచ్చింది.