మెయిలుకు వేసిన తాళం

నేను గీసిన చద్దరు డిజైను మాకంటే ముందు ఇంకొకరి మగ్గం మీదికి ఎక్కడం అది రెండోసారి. నాకు ఒళ్లు మండిపోయింది. బాపు మాత్రం నా మీదే విరుచుకుపడ్డాడు.

"ఇంకొక్కపారి గిట్లయితే గీసుడు బంద్. పోయి కండెలకు దారం సుట్టుకో."

అవి తొంభైల చివరి రోజులు. సోలాపూర్ భవాని పేటలో మా ఇంటి వెనకే మా పవర్‌లూమ్‌లు. నేను కొంతం చౌక్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి, ముంబైలో ఉన్న మేనమామకు డిజైన్లు మెయిల్లో పంపేదాన్ని. ఆయన వాటిని వ్యాపారులకు చూపించి ఆర్డర్లు తెచ్చేవాడు. మెయిలు పోయే దారిలోనే దొంగ ఉన్నాడని నా అనుమానం. సెంటర్లో పక్కన కూర్చున్న ప్రతివాడూ దొంగలాగే కనిపించేవాడు. కంప్యూటర్ క్లాసు మేడమ్ ప్రాణం తోడేసి మెయిలుకు తాళం వేసే సాఫ్ట్‌వేర్ సంపాదించాను. ఫ్లాపీలో మామకూ పంపాను. పాస్‌వర్డ్ మాత్రం రాయకూడదట, నోటితోనే చెప్పాలట.

అదే గండమైంది. మా ఫోను పక్కనే మగ్గాలు.

"ఇనొస్తలేదు బిడ్డా, జర గట్టిగ చెప్పు!" అంటాడు మామ. గట్టిగా చెబితే పేటంతా వింటుంది. చివరికి బాపును బతిమాలి మగ్గాలు ఆపించాను. కరెంటు ఉండగా పట్టపగలు మగ్గాలు ఆగాయంటే మా వీధిలో ఎవరో పోయినట్టే. క్షణంలో వాకిలి నిండా జనం.

"కాయ్ ఝాలం? ఎవరికేమైందే?" అంటూ పక్కింటి పెద్దమ్మ అప్పుడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవ్వరికేం గాలే పెద్దమ్మా, పోండ్రి జర!" అని అరిచాను. ఒక్కరూ కదలరే! చున్నీ ముసుగేసుకుని, ఫోనును నోటికి అదుముకుని, ఒక్కో అక్షరం గుసగుసగా చెప్పాను. చెమటలు కారిపోయాయి.

కాసేపటికి మామ కేక వినిపించింది. "తెరుసుకున్నదే! ఏం గీసినవే, బంగారం! ఆగు... అన్నా, ఇటు రాండ్రి, మా కోడలు డిజైను సూడుండ్రి!"

"ఎవర్ని పిలుస్తున్నవ్ మామా?"

"మన సోలాపూరోళ్లేనే. మాల్ అమ్మనీకి వస్తే నా తాననే దిగుతరు గద. పోయినపారి గూడ సూసి ఎంత మెచ్చుకున్నరో! ఒకాయన కాయితం మీద దింపుకున్నడు గూడ."

ఫోను విసిరికొట్టాలనిపించింది. కానీ నా గీత బాగుందని అప్పటిదాకా నాతో అన్నది ఆయనొక్కడే.

"చెప్పినవా? ఇగ పక్కానేనా?" అని గుమ్మంలోంచి బాపు అడిగాడు.

"పక్కానే బాపూ."

నెల తిరక్కుండానే ఆ చద్దరు వేరేవాళ్ల కొట్లో వేలాడింది. నేను కండెల దగ్గర కూర్చున్నాను. మామ పేరు మాత్రం ఎత్తలేదు.