ఏడో నంబరు బోర్డు

ముప్పై రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. అన్నేళ్లలో నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే, పేజీడు విషయాన్ని నాలుగు వాక్యాల్లోకి కుదించడం. పిల్లలు రాసుకొచ్చినదాన్ని ఎర్రసిరాతో సగం కొట్టేసి, "ఇది లేకపోతే ఏం కొంపలు మునుగుతాయి?" అని అడిగేదాన్ని. ఆ విద్యతోనే చివరికి ఒక మనిషి కొంప ముంచాను. ఇది ఆ మనిషి కథ.

రిటైరై ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను, ఊరిచివర జంతువుల శరణాలయం నడిపే డైరెక్టరుగారు పిలిపించారు. సర్కసుల నుంచీ, సంతల నుంచీ తెచ్చిన నలభై మూడు జంతువులు అక్కడ బతుకుతున్నాయి. వాటి బాధ జనానికి తెలియాలని, పాత గడ్డి గోదామును బాగుచేయించి సందర్శకుల కేంద్రంగా మారుస్తున్నారు. గోడల నిండా పంతొమ్మిది బోర్డులు, నడుమ గాజు పెట్టెలు, చివరి గోడ మొత్తం మందపాటి అద్దం. ఆ అద్దంలోంచి చూస్తే అవతల ఎలుగు ఆవరణ కనబడుతుంది. బోర్డుల మీద రాత నా పని.

"మనిషి బోర్డు ముందు అరనిమిషం కంటే నిలబడడు టీచర్‌గారూ" అన్నారు డైరెక్టరుగారు. "బోర్డుకి అరవై మాటలు దాటకూడదు. ఒక్కో బోర్డు మీద ఒక్కటే సంగతి. రెండు చెప్పామా, ఒక్కటీ గుర్తుండదు."

నాకు ఆవిడ నచ్చింది. అచ్చం నాలాంటి మనిషి అనుకున్నాను.

ఏడో నంబరు బోర్డు ఎలుగుది. ఇరవయ్యారేళ్ల ఆడ ఎలుగు. ఒక కన్ను పోయింది, నోట్లో పళ్లు లేవు. పొద్దున పదింటికీ, సాయంత్రం నాలుగింటికీ వెనక ఇనప తలుపు తీసుకుని ఒక ముసలాయన గిన్నెతో చిక్కటి జావ తెచ్చేవాడు. ఊచల ఇవతల పీట వేసుకు కూర్చుని, ముద్ద ముద్దగా చేత్తో తినిపించేవాడు. తినడానికి అది గంట తీసుకున్నా విసుక్కునేవాడు కాదు. అక్కడ పనిచేసేవాళ్లంతా ఆయన్ని బాబాయ్ అనేవారు. నాకంటే అయిదేళ్లే పెద్ద, అయినా నేనూ బాబాయ్ అనే పిలిచాను. ఊరందరికీ బాబాయి అయినవాడు నాకొక్కదానికి ఇంకేమవుతాడు!

ఆయన భార్య అక్కడే జంతువుల వంటశాలలో కూరగాయలు తరిగేది. మొదటిరోజే నన్ను చూసి, "మా ఆయన కథ రాస్తారట కదా. నాకో సవతి ఉంది, ఒళ్లంతా బొచ్చే, ఆ సంగతి కూడా రాయండి" అని నవ్వింది. వంటశాల వెనక ఒక్క గదిలో కాపురం. ఒక మంచం, రెండు పెట్టెలు. ఆ పెట్టెల్లో ఒకదాని అడుగున, పాత గుడ్డలో చుట్టి, ఒక కర్రా ఒక ముక్కుతాడూ దాచి ఉన్నాయి. ఆ ఎలుగును పన్నెండేళ్లు ఊరూరా తిప్పి ఆడించింది ఈ బాబాయే.

గాజు పెట్టెలో పెట్టడానికి ఆ కర్రా తాడూ ఆయనే తెచ్చి ఇచ్చాడు. దాన్ని ఆడించే రోజుల్లో ఎవరో సంతలో తీసిన ఫోటో కూడా ఇచ్చాడు. బిరుసు మీసం, చేతిలో తాడు, పక్కన రెండు కాళ్ల మీద నిలబడిన ఎలుగు. ఆయన జన్మకి ఉన్న ఫోటో అదొక్కటే. "పెద్దది చేయిస్తారా అమ్మా?" అని అడిగాడు. మనిషంత చేయించాం.

రెండు వారాలు రోజూ ఆయన పక్కన కూర్చుని రాసుకున్నాను. అంతకుముందు ఎవరూ ఆయన్ని ఏదీ అడగలేదు. అడిగిన నాకు ఏమీ దాచకుండా చెప్పాడు.

"రెండు నెలల పిల్లప్పుడు కొన్నానమ్మా. ముక్కు నేనే కుట్టాను, సూది కాల్చి. వేరేవాడికిస్తే రెండుసార్లు పొడుస్తాడని నేనే చేశాను. పళ్లూ నేనే రాలగొట్టాను. మా నాన్న నేర్పిన పని అది. ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు తిన్నాను. తినకపోతే ఎలా?"

"కొట్టేవాడివా?"

"కొట్టకపోతే ఎందుకాడుతుంది?" అని, గిన్నె అడుగు తుడుస్తూ, "చలికాలం ముగ్గురం ఒకటే దుప్పట్లో పడుకునేవాళ్లం. ఒకసారి నాకు జ్వరం వస్తే మూడు రోజులు కుక్కల్ని దగ్గరికి రానివ్వలేదు అది. నేను కొట్టిన చెయ్యే కదా, అయినా నాకింది" అన్నాడు.

ఆడించడం నేరమని చట్టం వచ్చింది. పట్టుబడకుండా అడవి దారిన పోయి ఆడించుకుంటున్నవాళ్లు ఇంకా ఉన్నారట. ఈయన అలా పోలేదు. ఇలాంటి చోటొకటి ఉందని ఎవరో చెబితే, పెళ్లాన్నీ ఎలుగునీ వెంటబెట్టుకుని తొమ్మిది రోజులు నడిచి, ఈ గేటు దగ్గరికి తనంతట తనే వచ్చాడు. గేటు ముందు ముక్కుతాడు తన చేత్తోనే కోశాడు. "దీన్ని తీసుకోండి. దీంతోపాటు నన్నూ ఏ మూలైనా పడెయ్యండి" అన్నాడట. పద్నాలుగేళ్ల నుంచీ జావ తినిపిస్తున్నాడు.

నాలుగు నోటుపుస్తకాలు నిండాయి. ఇక నా విద్య ప్రదర్శించాను. దుప్పటి పోయింది. జ్వరం పోయింది. తొమ్మిది రోజుల నడక మొదటి చిత్తులో ఉంది. డైరెక్టరుగారు దాని కింద గీత గీసి, "ఇది ఇంకో సంగతి కదండీ. మన సంగతి ఎలుగు పడ్డ బాధ" అన్నారు. నేను ఆ వాక్యం కొట్టేశాను. నిజం చెప్పాలంటే, ఆ గీత చూసి, నేనే ముందు కొట్టెయ్యాల్సింది అనుకున్నాను. చివరికి బోర్డు మీదికి ఎక్కింది ఇది:

"రెండు నెలల వయసులోనే ఈ ఎలుగును తల్లి నుంచి వేరుచేశారు. ఫోటోలోని వ్యక్తి కాల్చిన సూదితో దీని ముక్కు కుట్టి తాడు ఎక్కించాడు. పళ్లు రాలగొట్టాడు. పన్నెండేళ్లు సంతల్లో, వీధుల్లో కొట్టి ఆడించాడు. అతడు వాడిన కర్ర, తాడు పక్క పెట్టెలో చూడవచ్చు. పద్నాలుగేళ్ల కిందట దీనికి ఆ చెర నుంచి విముక్తి లభించింది. ఇప్పుడు మా సంరక్షణలో సుఖంగా ఉంది."

అందులో ఒక్క అబద్ధం లేదు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తున్నది.

ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నం గోడల రంగు ఇంకా ఆరలేదు. బాబాయ్ చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, తన ఫోటో కింద నిలబడ్డాడు. ఆయనకి చదువు రాదు. "చదవండి టీచరమ్మా, చెవులారా వింటాను" అన్నాడు.

మొదటి వాక్యం చదివాను. రెండోది కూడా చదివాను. ఆయన తలూపుతున్నాడు, అంతా తను చెప్పిందే కదా. "కొట్టి ఆడించాడు" దాకా చదివి ఆగాను. తర్వాత ఏమొస్తుందా అని పరీక్ష ఫలితం వినే పిల్లాడిలా నా నోటివైపే చూస్తున్నాడు. ఇక నాకు ధైర్యం చాల్లేదు. బోర్డు మీదే కళ్లు ఉంచి, నోటుపుస్తకంలోది చదివేశాను. ఒకే దుప్పటి. జ్వరం. తొమ్మిది రోజుల నడక. గేటు ముందు తాడు కోసిన చెయ్యి. ఎక్కడా తడబడకుండా, పాఠం అప్పజెప్పినట్టు.

బాబాయ్ కళ్లు తుడుచుకున్నాడు. "ఇంత చిన్న బోర్డులో ఇంత సంగతి పట్టించారా! మీ చేతిలో మహిమ ఉందమ్మా" అన్నాడు. పరుగున వెళ్లి భార్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆవిడకీ మళ్లీ చదవాల్సి వచ్చింది. రెండోసారి ఇంకా బాగా చదివాను.

మర్నాడు రెండు బడుల పిల్లలు, వాళ్ల తల్లులు కొందరు, విరాళాలిచ్చినవాళ్లు వచ్చారు. నేను తలుపు దగ్గర సందర్శకుల పుస్తకంలో సంతకాలు పెట్టిస్తున్నాను. బాబాయ్ గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏడో నంబరు బోర్డు పక్కన నిలబడ్డాడు. వద్దని చెప్పాల్సింది నేనే. ఏమని చెప్పను? చెబితే ముందురోజు అబద్ధం బయటపడుతుంది. ఏ గొడవా లేకుండా గడిచిపోతే చాలని దేవుళ్లందరికీ మొక్కుకుంటూ కూర్చున్నాను.

"ఆ ఫోటోలో ఉన్నది నేనే!" బాబాయ్ గొంతు హాలంతా వినిపించింది. "ఏదీ, చదవమ్మా, గట్టిగా చదువు. మా ఆవిడ కూడా వింటుంది."

పదేళ్ల పిల్ల ఒకతె ముందుకొచ్చి చదివింది. చక్కని ఉచ్చారణ. చదువుతూ చదువుతూ ఆ పిల్ల గొంతు తగ్గిపోయింది. చుట్టూ ఉన్న పిల్లలు ఫోటో చూశారు, ఆయన్ని చూశారు, ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఇంకా చదువమ్మా" అన్నాడు బాబాయ్.

"అంతే తాతా. అయిపోయింది."

"అయిపోలేదు తల్లీ. దాని తర్వాత ఉంటుంది, కిందికి చూడు."

"కింద ఏమీ లేదు."

ఒకావిడ వచ్చి తన కూతురి రెక్క పట్టుకుని లాక్కుపోయింది. "ఇంకా వీడి చేతికే వదిలేశారా దాన్ని?" అని ఎవరో పైకే అన్నారు. బాబాయ్ ఆ మాట పట్టించుకోలేదు. జనంలో నాకోసం వెతుకుతున్నాడు. నేను సందర్శకుల పుస్తకంలోకి తల వంచుకున్నాను. ఆయనకి నేను కనబడ్డాననీ, చూసి కూడా ఆయన నా దగ్గరికి రాలేదనీ నాకు తెలుసు.

రెండు రోజుల్లో ఫిర్యాదులు పదిహేడయ్యాయి. డైరెక్టరుగారు చెడ్డ మనిషి కాదు, ఆయన్ని పనిలోంచి తీసెయ్యలేదు. వంటశాలలో భార్య పక్కనే కూరగాయలు తరగమన్నారు. ఎలుగుకి కొత్త మనిషిని పెట్టారు. ఆ కొత్త చెయ్యి అలవాటు కావాలంటే పాత మనిషి జాడే ఉండకూడదని జంతువుల డాక్టరు చెప్పాడు. అటు వెళ్లనని, దానికి వినబడేలా మాట్లాడనని బాబాయ్ మాటిచ్చాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నేనప్పుడు డైరెక్టరుగారి గదికి వెళ్లాను. ఇంకో బోర్డు పెట్టిద్దామన్నాను.

"ఇందులో ఏ మాట అబద్ధమో చెప్పండి, ఇవాళే తీయించేస్తాను" అన్నారావిడ.

తలుపు దగ్గరికేసి వచ్చేశాను.

వంటశాలకి కూడా వెళ్లాను. బాబాయ్ గుమ్మడికాయ కోస్తున్నాడు. ఆవిడ నన్ను చూసి లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను వస్తే పీట వేసే మనిషి, ఆ రోజు వెయ్యలేదు.

"ఆ రోజు మీరు చదివింది ఎక్కడుందమ్మా?" అని అడిగాడు ఆయన. కోపం లేదు. నిజంగానే ఎక్కడో ఉంటుందనుకుంటున్నాడు.

"నా పుస్తకంలో ఉంది బాబాయ్. బోర్డులో చోటు చాల్లేదు."

"అవును, బోర్డు చిన్నదే" అన్నాడు. కోసిన ముక్కలు గంపలో వేశాడు. "తింటోందా?"

"తింటోంది" అన్నాను. సగం కూడా తినడం లేదు.

ఇప్పుడు నాకు కేంద్రంలో జనానికి వివరాలు చెప్పే పని కూడా ఇచ్చారు. మూడో ఆదివారం సాయంత్రం అద్దం దగ్గర పాతికమంది గుమిగూడి ఉన్నారు. అందరికీ వెనకగా, టోపీ కళ్ల మీదికి లాక్కుని, ఒక ముసలాయన నిలబడ్డాడు. బాబాయే. ఆ రోజు సెలవు కాబట్టి సందర్శకుల గేటు గుండా వచ్చాడు. ఆ అద్దం దాటి వాసన పోదు, మాట పోదు. ఇచ్చిన మాట తప్పకుండా దాన్ని చూసే దారి ఆయనే కనిపెట్టుకున్నాడు.

ఎలుగు మాకు వీపు చూపిస్తూ, ఇనప తలుపుకి ఎదురుగా కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. నాలుగయింది. తలుపు తెరుచుకోగానే ముక్కు పైకెత్తి, ఊచల దాకా పాక్కుంటూ వెళ్లింది. కొత్త మనిషి గిన్నె పెట్టి, పిలిచి, కాసేపు చూసి వెళ్లిపోయాడు. అది గిన్నె ముట్టలేదు. మూసిన తలుపు వైపే చూస్తూ మళ్లీ అలాగే కూర్చుంది. నా వెనక బాబాయ్ ఊపిరి నాకు వినబడుతోంది.

"అది ఇటు తిరగదేంటి ఆంటీ?" తండ్రి భుజాల మీద కూర్చున్న చిన్నపాప అడిగింది.

ఎందుకు తిరగదో ఆ హాల్లో ఇద్దరికే తెలుసు. పక్కనే డైరెక్టరుగారు అతిథులతో ఉన్నారు. అందరూ నావైపు చూస్తున్నారు.

"ముసలిదైపోయింది కదమ్మా" అన్నాను. "ఈ వేళప్పుడు అలా కూర్చుని కునుకు తీస్తుంది."

పాపకి నమ్మకం కుదరలేదు. వెనక్కి తిరిగి టోపీ పెట్టుకున్న ముసలాయన్ని అడిగింది. "నిజంగా నిద్రపోతోందా తాతా?"

బాబాయ్ అద్దం మీంచి చూపు తిప్పలేదు.

"టీచరమ్మ చెప్పారుగా తల్లీ. నిద్రే" అన్నాడు.