హెక్టర్ పిరీ సముద్రంలో విసిరేసిన కర్రలు

ఈ భూమ్మీద హెక్టర్ పిరీకి నచ్చే గోల్ఫ్ కర్ర ఇంతవరకు తయారు కాలేదు. తయారయ్యే సూచనలు కూడా లేవు. ఈ మాట ఊరికే అనడం లేదు. మా ఊరు ఇన్వర్‌కీల్‌లో హార్బర్ ఎదురుగా పాత సామాన్ల కొట్టు నాది. గుమ్మం పక్కన ఒక పీపా, దాని నిండా ఎవరెవరో వాడి వదిలేసిన గోల్ఫ్ కర్రలు. ఆ పీపా ముందు ఆయన నిలబడ్డ గంటలతో ఇంకొకరైతే డాక్టరీ చదివి, ఆసుపత్రి కూడా పెట్టేసేవారు.

ఆయన నడిపింది ముప్పై ఏళ్లు బస్సే అయినా కర్రల విషయంలో డాక్టరే. ముందు కర్రను పైకెత్తి, ఒక కన్ను మూసి, కాడ పొడుగునా చూస్తాడు. వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. పిడి వాసన చూస్తాడు. తర్వాత కర్రను నేలమీద నిలబెట్టి, జేబులోంచి ఒక పెన్నీ నాణెం తీసి, అది కర్ర తల కింద దూరుతుందో లేదో పరీక్షిస్తాడు. అప్పుడు గట్టిగా నిట్టూరుస్తాడు.

"నెట్టా, దీనికి నడుం పట్టేసింది" అంటాడు నాతో.

"అది ఇనుము పెద్దాయనా. దానికి నడుమెక్కడిది?"

"ఇదిగో, ఇక్కడ. సన్నగా వంగింది. కనబడటం లేదూ?"

"లేదు."

"అయితే నీ కళ్లు కూడా ఓసారి చూపించుకో."

ఇంకోదానికి మెడ తిరిగిపోయిందంటాడు. మరోదానికి పొగరంటాడు. ఒకసారి, బంతిని గుంటలోకి నెట్టే పుట్టర్ కర్ర నొకదాన్ని పది నిమిషాలు తదేకంగా చూసి, "ఇది ఇదివరకటి యజమానిని మర్చిపోలేకపోతోంది, దీన్ని ఇబ్బంది పెట్టొద్దు" అని మెల్లగా పీపాలో పెట్టేశాడు. వెనక నిలబడి అదే కొందామనుకుంటున్న ఒకాయన, పాపం, జాలిపడి ఉత్త చేతులతో వెళ్లిపోయాడు. బేరం పోయింది నాది.

కొత్త సెట్టు కొనే స్తోమత ఆయనకి లేదు. పట్నంలోని పెద్ద కొట్టులో ధర కనుక్కుని వచ్చిన రోజున, "ఆ డబ్బుకి బస్సే ఇస్తారు, టైర్లతో సహా" అన్నాడు. అందుకే పెన్షన్ వచ్చిన శనివారం నా దగ్గర ఒకే ఒక్క కర్ర కొంటాడు. నాలుగు పౌండ్లు. అంతకు పెన్నీ ఎక్కువ పెట్టడు. ఆ పెన్షనులో ఆ నాలుగు పౌండ్లు ఎక్కడివో మాంసం కొట్టువాడికి తెలుసు. ఆ వారం ఆయన మాంసం కూరిన పై రొట్టె కొనడు. మిగిలిన మూడు శనివారాలూ వచ్చేనెల కర్రను తిట్టడానికి వస్తాడు.

ఇలా ఒక్కొక్కటీ కూడబెట్టి, ఏడాది తిరిగేసరికి దాదాపు సెట్టంతా పోగుచేస్తాడు. సరిగ్గా అప్పుడే కోపం వచ్చి, వాటిని సముద్రంలో విసిరేస్తాడు.

"మొన్నటి ఏడో నంబరు ఐరన్ ఏదీ?"

"సముద్రంలో పడేశా."

"ఎందుకూ?"

"మాట వినలేదు."

"మరి ఆ పొడుగు కర్ర, డ్రైవరో?"

"అది ఇంకా పెంకిది. దాన్ని దూరంగా విసిరా."

గోల్ఫ్ ఆడేవాళ్లకి కోపం రావడం, కర్ర గాల్లోకి లేవడం మా ఊళ్లో వింతేమీ కాదు. చర్చి పెద్దలే విసిరారు. అయినా పదకొండేళ్లుగా, ఏటా సెట్టు సెట్టే విసిరినవాడు ఇంకొకడు లేడు. హార్బర్ అడుగున చేపలు పోటీలు పెట్టుకుంటున్నాయనీ, ఎండ్రకాయలకి గోల్ఫ్ క్లబ్బు చందా కట్టమని నోటీసులు వెళ్లాయనీ పడవలవాళ్లు కడుపుబ్బ నవ్వుకునేవాళ్లు. ఆయన కూడా నవ్వేవాడు. నేను మాత్రం నవ్వలేకపోయేదాన్ని. అంత ఓపిగ్గా వెతికి ఇచ్చినవి నీళ్లపాలవుతుంటే ఎవరికి మండదు?

ఇంతకీ ఆయనకి కర్రలెందుకంటే, హార్బర్ కప్పు కోసం. జూన్‌లో ఊరివాళ్లకి మాత్రమే జరిగే పోటీ అది. ఎవరి కర్రలు వాళ్లే తెచ్చుకోవాలి. ఇద్దరు ఆటగాళ్లు ఒకే కర్ర పంచుకోవడానికి వీల్లేదు. కప్పు గెలవాలని ఆయనకి ఏనాడూ లేదు. ఆట మొదలుపెట్టించే రాంకిన్ తన గుడిసె ముందు నిలబడి, ఒక్కొక్కరినీ వీధి పేరుతో సహా పిలుస్తాడు. "చర్చి వీధి నుంచి ఫలానా!" అంటాడు. ఆ ఫలానావాడు కంచె దాటి, ఊరంతా చూస్తుండగా ఆ పచ్చగడ్డి మీదికి నడుస్తాడు. అంతే. హెక్టర్‌కి కావలసింది అదే.

ఏటా ఆ రోజు కంచె పక్కనే నేను టీ, పై రొట్టెలు అమ్ముతాను. ఆయన పొద్దున్నే వచ్చి, ఇస్త్రీ చొక్కాతో తెల్ల కంచెకి ఆనుకుని నిలబడతాడు. రాంకిన్ పిలిచే ప్రతి పేరుకీ ఆయన పెదాలు కదులుతాయి. ఒక ఏడాది, ఎవరూ చూడటం లేదనుకుని, "షోర్ వీధి నుంచి హెక్టర్ పిరీ" అని తనలో తనే అనుకోవడం నేను విన్నాను. టీ కప్పు అందించబోయి ఆగిపోయాను. ఒక మనిషి తన పేరు కోసమే అంత ఎదురుచూడటం నాకు చాలా బాధనిపించింది.

ఈ ఏడాది ఆయనకి డెబ్బై ఆరు. వచ్చే శీతాకాలంలో మోకాలికి ఆపరేషన్ ఉంది. ఆ తర్వాత ఆడటం మాట మర్చిపొమ్మని డాక్టరు చెప్పేశాడు. అందుకే నేను జనవరి నుంచే పోరుపెట్టాను.

"ఈసారి ఏదైనా నీళ్లలో పడిందో, మీకింక కర్ర అమ్మను."

"సరేలే."

"ఒట్టు?"

"బస్సు మీద ఒట్టు."

కిందటేడు మిగిలినవాటితో కలిపి మే నెలాఖరుకి పదమూడు కర్రలు నిలిచాయి. సెట్టు నిండటానికి కావలసిన పద్నాలుగోది పుట్టర్. చిరిగిన పిడికి నేనే నీలం టేపు చుట్టి ఉంచాను. ఆయన కన్ను మూశాడు, వేలితో కొట్టాడు, పెన్నీ పెట్టి చూశాడు.

"దీనికేం రోగం లేదు" అన్నాడు ఆశ్చర్యంగా.

నేను కొట్టు మూసేసి ఆయన్ని రాంకిన్ దగ్గరికి నడిపించుకెళ్లి, పక్కన నిలబడి పేరు రాయించాను.

కప్పు రోజు ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. రెండు చేతులూ జేబుల్లో. భుజాన సంచీ లేదు. తిన్నగా వచ్చి ఎప్పటిలాగే కంచెకి ఆనుకున్నాడు.

"కర్రలేవి?" అన్నాను.

ఆయన గడ్డి వైపు చూస్తూ, "సముద్రంలో" అన్నాడు.

"పద్నాలుగూ?"

"నిన్న సాయంత్రం. అన్నీ కలిసి ఒక్కసారే ఎదురుతిరిగాయి."

నాకు వచ్చిన కోపానికి చేతిలో ఉన్న పై రొట్టెను ఆయన మొహాన కొట్టాల్సింది. ఆ సరికే రాంకిన్ "మిల్ సందు నుంచి సెంగా ముయిర్!" అని పిలిచాడు. సెంగా బస్సు డిపోలో ఊడ్చే మనిషి. కప్పులో ఆడటం ఆమెకి ఇదే మొదలు. భయంభయంగా నా ముందు నుంచే వెళ్తోంది. ఆమె సంచీలోంచి నీలం టేపు చుట్టిన పుట్టర్ ఒకటి తల బయటికి పెట్టి ఉంది.

"ఆగవే సెంగా, ఈ పుట్టర్ నీకెక్కడిది?"

సెంగా తెల్లబోయింది. హెక్టర్ ఉన్నట్టుండి మేఘాలని పరిశీలించడం మొదలుపెట్టాడు.

"మా బావ కర్రలతో ఆడదామనుకున్నా నెట్టక్కా. మొన్న తనూ ఆడతానన్నాడు. ఇంకేం చేస్తాను, నిన్న ఈ కంచె దగ్గర నిలబడి ఏడ్చా. ఈయన సంచీతో సహా ఇచ్చేశారు. ఇంట్లో ఇంకో సెట్టుంది, ఎవరికైనా చెప్తే లాక్కుంటానన్నారు."

"ఇంకో సెట్టా!" అన్నాను.

వెనక, పిలుపు కోసం నిలబడ్డ వరుసలోంచి చేపల షెడ్డులో పనిచేసే వోయ్‌టెక్ నెమ్మదిగా చెయ్యెత్తాడు. "నాక్కూడా ఇచ్చారు కర్రలు. ఆరు. ఎవరికీ చెప్పొద్దన్నారు."

"నీక్కూడానా? నాకొక్కడికే అనుకున్నానే!" అన్నాడు ఉద్యోగం ఊడిన ఫిన్లే.

ఆ తర్వాత కాసేపు వరుసలో ఒకరి సంచీలు ఒకరు చూసుకోవడంతోనే సరిపోయింది. పదకొండేళ్ల సముద్రం నా కళ్లముందు ఎండలో మెరుస్తోంది. ప్రతి కర్రా నేను అమ్మిందే.

"ఎందుకు పెద్దాయనా?" అన్నాను.

"ఈ కంచె పక్కన నిలబడి చూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు నెట్టా" అన్నాడు. వెంటనే, "అయినా ఆ ఆరో నంబరు కర్రకి నిజంగానే మెడ వంకర" అని కలిపాడు.

సెంగా సంచీ దింపి మొత్తం ఆయన ముందు పెట్టేసింది. రాంకిన్ కాగితం పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఎవరి కర్ర ఎవరికైనా ఇవ్వండి, నాకేం పేచీ లేదు. కానీ ఇచ్చినవాళ్లు ఈ రోజంతా దాన్ని మళ్లీ ముట్టుకోకూడదు. పద్నాలుగు దాటకూడదు. ఎన్ని తగ్గినా పర్లేదు. తొందరగా తేల్చండయ్యా!"

వాళ్లు నిమిషంలో తేల్చేశారు. మనిషికొకటి. సెంగా డ్రైవర్ ఇచ్చింది. ఫిన్లే ఒక ఏడో నంబరు, వోయ్‌టెక్ ఇంకో ఏడో నంబరు, ఇంకెవరో మళ్లీ ఏడో నంబరే. నా పీపాలోంచి కొత్తది తెస్తానంటే హెక్టర్ వద్దన్నాడు. మొత్తం ఎనిమిది పోగయ్యాయి. ఆయన ప్రతిదాన్నీ ఒక కన్ను మూసి చూశాడు. "దీనికి ఆయాసం... దీన్ని ఎవర్రా ఇంత పాడుచేసింది... ఇది నాకు అప్పుడే నచ్చలేదు" అంటూనే ఒక్కోదాన్నీ సంచీలో ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నాడో!

రాంకిన్ గుడిసె ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "షోర్ వీధి నుంచి హెక్టర్ పిరీ!"

ఆయన కదల్లేదు.

"వెళ్లండి, మిమ్మల్నే" అన్నాను.

"సరిగ్గా వినబడలేదు. గాలి ఎక్కువగా ఉంది. ఇంకోసారి పిలవమను."

ఆ రోజు ఆకు కూడా కదలడం లేదు. రాంకిన్ ఎవరినీ రెండోసారి పిలిచే మనిషి కాదు. ఆయన నా వైపు చూశాడు. తర్వాత హెక్టర్ వైపు చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, పడవల్లో వాళ్లు కూడా తలెత్తి చూసేలా అరిచాడు.

"షోర్ వీధి నుంచి! హెక్టర్! పిరీ!"

"వస్తున్నానయ్యా వస్తున్నా, నాకేమన్నా చెవుడా, ఎందుకంత అరుస్తావ్!" అని విసుక్కుంటూ హెక్టర్ పిరీ కంచె దాటి గడ్డి మీదికి నడిచాడు.