ఓటర్ ఐడీ కాలమ్

ముదలియార్‌పేటలో ఒక సైకిల్ షాపు మేడ మీద మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. అక్కడ ఒక కల్యాణ మండపానికి బుకింగ్ సైటు నేనే రాశాను. మేము వాడిన ఫ్రేమ్‌వర్క్, డేటాబేస్‌లో కాలమ్‌కు పెట్టిన పేరును చూసి ఫారాన్ని దానంతటదే తయారుచేసేది. పేరు చివర అండర్‌స్కోర్ ఐడీ అని ఉంటే, అది వేరే టేబుల్‌కు సంబంధించినది అనుకుని, రాసుకునే పెట్టెకు బదులు జాబితాలోంచి ఎంచుకునే డ్రాప్‌డౌన్ పెట్టేది. ఈ సంగతి తెలియక మొదట్లో నేను చాలా తిప్పలు పడ్డాను.

మా టీమ్ లీడ్ ఆంధ్రా నుంచి వచ్చినవాడు. మాది ఆ పక్కనే ఉన్న అరవ ఊరు, ఏంబలం. ఇంట్లో తరతరాలుగా తెలుగే, కాకపోతే అరవం బాగా కలిసిన తెలుగు. చేరిన కొత్తలోనే ఆయన అందరి ముందూ అడిగాడు: "ఏమ్మా, నువ్వు మాట్లాడేది తెలుగేనా? చదవడమైనా వచ్చా?"

రాదన్నాను. అందరూ నవ్వారు. ఆ కోపంతోనే తర్వాత ఈ తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను.

ఆ మాట ఎలాగో మింగాను. కానీ సైటు పూర్తయ్యాక ఫైళ్లలో నా పేరు తీసేసి, అంతా తానే రాశానని మేనేజరుకు చెప్పుకున్నాడు. అది మాత్రం మింగుడుపడలేదు.

సైటు చూపించే రోజు మండపం యజమాని వచ్చాడు. మేనేజరు కూడా పక్కనే కూర్చున్నాడు. కోసపాళయం పెద్దాయన, మాలాగే పాత తెలుగు కుటుంబం. అన్నీ చూసి, "బుక్ చేసేవాళ్ల ఓటర్ కార్డు నంబరు కూడా అడగాల. ఇప్పుడే చేర్చేదానికి అవుతుందా?" అన్నాడు.

"ఎంతసేపు సార్," అంటూ లీడ్ కొత్త కాలమ్‌కు ఓటర్ అండర్‌స్కోర్ ఐడీ అని పేరు కొట్టాడు. వెనకే నిలబడి చూస్తున్నాను. నోరు విప్పలేదు.

ఫారంలో ఖాళీ డ్రాప్‌డౌన్ వచ్చింది.

"ఏందిది? నంబరు యాడ రాయాల?" అన్నాడు పెద్దాయన.

లీడ్ పేజీ రిఫ్రెష్ చేశాడు. కాలమ్ తీసేసి, మళ్లీ అదే పేరుతో చేర్చాడు. ఆయన చొక్కా కాలరు చెమటకు తడుస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. చివరికి నావైపు తిరిగి, "కాస్త చూడమ్మా," అన్నాడు.

"మీరే రాసింది కదా సార్. నాకేం తెలుస్తుంది?" అన్నాను, మేనేజరుకు వినపడేలా.

మేనేజరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నన్ను కూర్చోమన్నాడు. కూర్చుని పేరు చివర ఐడీ తీసి నంబర్ అని మార్చాను. రాసుకునే పెట్టె వచ్చింది.

"పేరు ఇట్ల పెడితే అట్లనే వస్తుంది. రాసినోళ్లకి తెలిసుండాల," అన్నాను, మా ఇంటి తెలుగులోనే.

ఆ వారమే ప్రాజెక్టు నా చేతికొచ్చింది. లీడ్ నాతో మాట్లాడటం మానేశాడు. కొన్నాళ్లకు వేరే ఉద్యోగం చూసుకున్నాడు. వెళ్లేరోజు నా బల్ల దగ్గర ఆగి, "ఆ రోజు ముందే చెప్పి ఉండొచ్చు కదా," అన్నాడు.

"చెప్పుండొచ్చు సార్," అని, టీ తాగడానికి కిందికి దిగాను.