అల్సేషియనా, మంద కుక్కా

అరవైల చివర్లో మేము నాంపల్లిలో కిరాయికుండేవాళ్ళం. కింది భాగం మాది. పై భాగంలో రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఒక్కడే ఉండేవాడు. నేను ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేదాన్ని, మావారు అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో గుమాస్తా. ఊళ్ళో పొలం పెద్దకొడుక్కు అప్పజెప్పి అత్తమ్మ ఆ ఏడే మా దగ్గరికి వచ్చింది.

పట్టపగలు ఎవరో వాకిట్లోంచి ఇత్తడి బిందె ఎత్తుకుపోయేసరికి, కుక్క లేని ఇల్లు ఇల్లేనా అని అత్తమ్మ పట్టుబట్టింది. చాదర్‌ఘాట్ అవతల దిక్కులేని జంతువులను ఉంచే షెడ్డు ఒకటుందని మావారికి ఆఫీసులో ఎవరో చెప్పారు. ఆదివారం ముగ్గురం బస్సెక్కి వెళ్ళాం. ఆరేడు నెలల ఆడకుక్క ఒకటి మిగతావాటిని తోసుకుంటూ వచ్చి అత్తమ్మ చీర కొంగు పట్టుకుంది, ఎంతకీ వదల్లేదు. ఇక వేరేది చూడాల్సిన పని లేకపోయింది.

"ఇది ఏం జాతి కుక్కయ్యా?" అని మావారు అడిగారు.

"తల్లి ఎవరో తెల్వది, తండ్రి ఎవరో అంతకన్నా తెల్వది. తీస్కపోన్రి సార్, మంచిది," అన్నాడు షెడ్డు చూసే ఆయన.

కుక్కతో బస్సెక్కనివ్వరని రిక్షాలో వచ్చాం. ఇంటి ముందు దిగేసరికి గార్డు సాబు మెట్ల మీద పేపరు చదువుతున్నాడు. కాజీపేట, బెజవాడ లైన్లలో ఏండ్ల తరబడి తిరిగిన మనిషి, తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు. పేపరు పక్కన పడేసి కిందికి దిగి, దాని నోరు తెరిచి చూశాడు, వీపు నిమిరాడు. కనుబొమ్మల చోట రెండు పసుపు చుక్కలు చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

"దీంట్లో అల్సేషియన్ ఉంది. సగం అయినా ఉంది. ఆ వెనక కాళ్ళు చూడండి."

అత్తమ్మ ప్రయాణపు అలసట మరిచిపోయింది. "ఏంది సాబూ, గిది మంద కుక్క. మా ఊర్ల గొర్లకాడ అన్నీ గిసొంటియే ఉంటయి."

"మంద కుక్కకు అంత తోక ఉంటుందా అమ్మా?"

"తోకతోని ఏం పని? కండ్లు చూడు."

ఆ రోజు మొదలైంది ఆ వాదన. బడి నుంచి ఇంటికి ఎప్పుడెప్పుడు పోదామా అని నాకు ఆత్రంగా ఉండేది, ఆ పూట ఏం కొత్త ఆధారం దొరికిందో వినడానికి. ఒక వారం దాని కుడి చెవి నిలబడింది. గార్డు సాబు మెట్లు రెండేసి దిగుతూ వచ్చి ఆ చెవి అందరికీ చూపించాడు. ఎడమ చెవి మాత్రం మడతపడే ఉండిపోయింది, అది అత్తమ్మ లెక్కలోకి వెళ్ళింది. మావారు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కుక్కల బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చారు. అట్ట లేదు, చివరి పేజీలు లేవు. మేము నలుగురం వాకిట్లో చాప పరిచి, ఆ పుస్తకం మధ్యలో పెట్టుకుని, కుక్కను పక్కన కూర్చోబెట్టి ఒక్కొక్క బొమ్మతో పోల్చాం. నేను కుట్టు టేపుతో మూతి పొడవు, కాలి పొడవు కొలిచి నోటుబుక్కులో రాశాను. కొలతలు ఏ బొమ్మ కింది అంకెలతోనూ కలవలేదు. దీంట్లో నక్క కలిసిందేమో అన్నారు మావారు. ఆ మాట అన్నందుకు అత్తమ్మ ఆయనతో ఆ పూటంతా మాట్లాడలేదు.

కుక్క మెడకు లైసెన్సు బిళ్ళ కట్టాలంటే మునిసిపాలిటీ కాగితం నింపాలి. అందులో జాతి అని ఒక గడి. అల్సేషియన్ అని రాయమని గార్డు సాబు, మంద కుక్క అని రాయమని అత్తమ్మ. కాగితం వారం రోజులు గూట్లోనే ఉండిపోయింది.

బక్రీదుకు ముందు ఒక సాయంత్రం, స్టేషన్ వైపు నుంచి మా గల్లీలోకి మేకల మంద వచ్చింది. అరవై, డెబ్భై ఉంటాయి. వెనక ఒక్కడే మనిషి, తెల్ల మీసాలు, భుజాన కంబళి. ఇంతలో మూల మీద లారీ ఒకటి గట్టిగా హారన్ కొట్టింది. మేకలు చెదిరిపోయాయి. కొన్ని మా వాకిట్లోకి, కొన్ని ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లోకి, మిగతావి పెద్ద రోడ్డు వైపు. ఆయన ఎటు పరుగెత్తాలో తెలియక నిలబడిపోయాడు.

మా కుక్క గడప దాటడం నేను చూశాను. అది మొరగలేదు, కరవలేదు. ఒళ్ళు నేలకు వంచి, రోడ్డు వైపు పోతున్న మేకలను చుట్టి ముందుకు పోయి అడ్డంగా నిలబడింది. మేకలు ఆగాయి, వెనక్కి తిరిగాయి. వాటిని గోడ పక్కకు చేర్చి, చాయ్ హోటల్లోకి దూరి, బెంచీల కింద నుంచి నాలుగింటిని బయటికి తెచ్చింది. చాయ్ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని బయటికొచ్చి చూశారు. పక్కన అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపేస్తోంది.

"చూసినవా బిడ్డా? చూసినవా? దానికెవరు నేర్పిన్రు చెప్పు."

మంద మొత్తం ఒక్కచోట చేరాక కుక్క మా గడప దగ్గరికి వచ్చి నాలుక బయటపెట్టి కూర్చుంది. గార్డు సాబు మెట్ల మీద నుంచి చప్పట్లు కొట్టాడు. "ఓడిపోయానమ్మా," అన్నాడు.

మేకలాయన దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత అత్తమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా, ఇది మంద కుక్క. పట్నంల కట్టేస్తే దీని బతుకు పాడైతది. నాకియ్యరాదు? పానం లెక్క సూస్కుంట."

అత్తమ్మ ముఖంలో రంగు మారింది. కుక్క మెడ మీద చెయ్యి వేసింది.

"ఎవరు చెప్పిన్రు మంద కుక్కని? గిది అల్సేషియన్. గీ సాబును అడుగు, ఆయనకన్నీ ఎరుకే."

గార్డు సాబు ఒక్క క్షణం ఆమెను చూసి గొంతు సవరించుకున్నాడు. "ఔ. అల్సేషియనే. పులుసులో మాంసం లేకుంటే ముట్టదు. మీ దగ్గర బతకదు భాయ్."

మేకలాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వాడు. నమ్మలేదని నాకు తెలిసిపోయింది. అయినా లేచి, నేనిచ్చిన మంచినీళ్ళు తాగి, మంద తోలుకుని పోయాడు. గల్లీ మలుపు దాకా కుక్క వాటిని సాగనంపి వచ్చింది.

తెల్లారి మావారు గూట్లోంచి కాగితం తీసి, మమ్మల్నెవరినీ అడక్కుండా నింపి తీసుకుపోయారు. బిళ్ళ తెచ్చాక ఏం రాశారని అడిగితే, "ఇంటి కుక్క అని రాశాను. అక్కడి గుమాస్తా ఏమీ అనలేదు," అన్నారు. అత్తమ్మ బిళ్ళను చింతపండుతో తోమి, నల్లతాడు పేని, తనే కట్టింది.